తుంటి ఎక్కడుందో చూపించండి

చెన్నై టి.నగర్‌లో తెలుగు కుటుంబాలు కలుసుకున్న ఒక ఆదివారం సాయంత్రం, ఎముకల డాక్టరుగారు ఒకరు చేసిన ప్రసంగానికి ఇది అక్షర రూపం.

అందరికీ నమస్కారం. మాట మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేద్దాం. అందరూ కుడిచెయ్యి మీ తుంటి మీద పెట్టండి. లేవక్కర్లేదు, కూర్చున్నచోటే పెట్టండి.

సరే, అలాగే ఉంచండి. నాకు ఇక్కణ్ణుంచి అందరూ కనబడుతున్నారు. ఎక్కువమంది నడుం పక్కన, బెల్టు ఆనే ఎముక మీద పెట్టారు. వెనక వరుసలో పెద్దవాళ్ళు కొందరు పిరుదు మీద పెట్టారు. మూడో వరుసలో ఒక్క అమ్మాయి మాత్రం గజ్జ దగ్గర పెట్టింది. ఏమ్మా, ఏం చదువుతున్నావు? ఫిజియోథెరపీనా? అదీ సంగతి.

మిగతావాళ్ళు పట్టుకున్నది కటి ఎముక అంచు. తుంటి కీలు అక్కడ లేదు. కుర్చీలో కూర్చున్నప్పుడు తొడకీ పొత్తికడుపుకీ మధ్య ఒక మడత పడుతుంది కదా, ఆ మడత మధ్యలో, బాగా లోపల ఉంటుంది. దాని చుట్టూ దళసరి కండలు. మోకాలు వాస్తే ఇంట్లో అందరికీ కనబడుతుంది. తుంటి వాస్తే ఎవరికీ కనబడదు, తడిమినా చేతికి దొరకదు. పైగా అది నొప్పి చెప్పే చోటు కూడా ఒకటి కాదు. గజ్జలో చెబుతుంది, తొడ ముందుభాగంలో చెబుతుంది, ఒక్కోసారి మోకాలిలో మాత్రమే చెబుతుంది.

ఈ ఊళ్ళో 27 ఏళ్ళుగా ఎముకల డాక్టరుగా ఉన్నాను. నా దగ్గరికి వచ్చే తుంటి రోగుల్లో చాలామంది ఆలస్యంగా వస్తారు. డబ్బు లేక ఆలస్యమైనవాళ్ళు కొందరైతే, అది తుంటి అని తెలియక ఆలస్యమైనవాళ్ళు అంతకంటే ఎక్కువ. వాళ్ళు పోగొట్టుకున్న నెలల గురించే ఇవాళ మాట్లాడతాను.

మనకో సామెత ఉంది, తుంటి మీద కొడితే మూతి పళ్ళు రాలాయని. పొంతన లేకుండా మాట్లాడితే అలా అంటాం. తుంటి జబ్బులో మాత్రం నిజంగానే జరుగుతుంది అది. తుంటికి వెళ్ళే నరాల్లో ఆబ్ట్యురేటర్ నరం అని ఒకటుంది. అదే మోకాలికీ ఒక కొమ్మ ఇస్తుంది. అందుకని జబ్బు పైనుంటే నొప్పి కింద తెలుస్తుంది.

ఈ సంగతి నేను చదువుకునే వచ్చాను. అయినా తప్పు చేశాను. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఒక 13 ఏళ్ళ పిల్లాడిని తీసుకొచ్చారు. కాస్త లావుగా ఉన్నాడు. మోకాలు నొప్పి, ఆటలో పడ్డాడేమో అన్నాడు వాళ్ళ నాన్న. మోకాలు నొక్కి చూశాను, ఎక్స్‌రే తీయించాను, బాగానే ఉంది. పూతమందు, వారానికి మాత్రలు రాసి పంపేశాను. రెండు నెలల తరవాత నాన్న వీపు మీద వచ్చాడు. పడుకోబెట్టి మోకాలు పొట్ట వైపు మడిచాను. తొడ తిన్నగా రాలేదు, దానంతటదే బయటికి తిరిగిపోయింది. అప్పుడు తీయించాను తుంటి ఎక్స్‌రే. తొడ ఎముక తల దాని మెడ మీద నుంచి జారిపోయి ఉంది.

ఎదిగే వయసులో, సుమారు 10 నుంచి 16 ఏళ్ళ మధ్య, ఎక్కువగా బరువున్న పిల్లల్లో వచ్చే జబ్బు అది. ముందే పట్టుకుంటే ఒక్క స్క్రూతో, జారింది జారినంతలోనే ఆపేయవచ్చు. నేను రెండు నెలలు జారనిచ్చాను. స్క్రూ వేశాం, నడిచాడు, కానీ ఆ కాలు కాస్త పొట్టి అయిపోయింది. నేల మీద కూర్చోలేడు. వాళ్ళ నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. అదే నాకు ఎక్కువ బాధ. ఆ రోజు నుంచి మోకాలు నొప్పి అని ఎవరొచ్చినా, ఏ వయసు వాళ్ళయినా, పడుకోబెట్టి తుంటి తిప్పి చూడకుండా నేను చీటీ రాయను. మీరు కూడా మీ డాక్టరుగారిని అడగండి, "తుంటి కూడా ఒకసారి చూస్తారా?" అని. అడిగితే ఎవరూ తప్పుపట్టరు.

తుంటి కట్టుబడి గురించి రెండే మాటలు. కటి ఎముకలో ఒక గిన్నె ఉంది, అందులో తిరిగే బంతి ఉంది. బంతి అంటే తొడ ఎముక తల, దాని కింద సన్నటి మెడ. రెండు వైపులా నున్నటి మృదులాస్థి పూత. ఒంటికాలి మీద నిలబడితే తుంటి మీద పడే భారం ఒంటి బరువుకి రెండున్నర నుంచి మూడింతలు. నడకలో వేసే ప్రతి అడుగూ ఒక క్షణం పాటు ఒంటికాలే కదా.

ఇక ఆ బంతికి రక్తం ఎలా అందుతుందో చెబితే సగం జబ్బులు వాటంతటవే అర్థమవుతాయి. మీలో నెల్లూరు వాళ్ళున్నారు, కృష్ణా గోదావరి వైపు వాళ్ళున్నారు. శివారు భూములంటే చెప్పక్కర్లేదు. కాలవ చివర ఉండే పొలం. పైన గండి పడినా, పూడిక పేరుకున్నా మొదట ఎండేది అదే. తొడ ఎముక తల అలాంటి శివారు పొలం. మెడ వెంబడి పాకే సన్నటి రక్తనాళాలే దానికి ప్రధాన ఆధారం. పెద్దవయసులో పడి మెడ విరిగితే గండి పడినట్టు. స్టెరాయిడ్ల వల్లో, మద్యం వల్లో లోపలి నాళాలు మూసుకుపోతే పూడిక పేరుకున్నట్టు. ఎలాగైనా పొలం ఎండుతుంది. రక్తం అందని ఎముక లోపల చచ్చిపోతుంది, కొన్ని నెలలకి దాని పైకప్పు కుంగిపోతుంది.

పూడిక సంగతి ముందు చెబుతాను, అది పడుచువాళ్ళకి వచ్చేది కాబట్టి. పేరు ఏవాస్క్యులర్ నెక్రోసిస్, అందరూ ఏవీఎన్ అంటారు. 20 నుంచి 50 ఏళ్ళ మధ్య వాళ్ళలో ఎక్కువ చూస్తాం.

మన ఓఎంఆర్ రోడ్డులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకునే 31 ఏళ్ళ కుర్రాడు ఒకతను వచ్చాడు. చేతిలో ఇంత మందం ఫైలు. నడుం ఎమ్మారై రెండుసార్లు తీశారు. డిస్కు కొంచెం ఉబ్బిందని రాశారు. ఆ వయసులో నొప్పి లేనివాళ్ళకి తీసినా కొందరిలో అంత ఉబ్బు కనబడుతుంది. ఎనిమిది నెలలుగా నడుంకి బెల్టు, ట్రాక్షన్, వ్యాయామాలు. తగ్గలేదు. నేను ఫైలు పక్కన పెట్టి ఒకటే అడిగాను, "పొద్దున ప్యాంటు ఎలా వేసుకుంటున్నావు బాబూ?" అని. కాసేపు మాట్లాడలేదు. తరవాత చెప్పాడు, "మంచం మీద కూర్చుని ప్యాంటు నేల మీద పరిచి, కాలు అందులోకి జార్చి పైకి లాక్కుంటాను సార్. సాక్సు మా ఆవిడ తొడుగుతుంది." బాసింపట్టు వేసి కూర్చోగలవా అంటే, ఆర్నెల్లయింది, గుళ్ళో కూడా నిలబడే దణ్ణం పెట్టుకుంటున్నానన్నాడు. కారు దిగేటప్పుడు తొడని రెండు చేతులతో ఎత్తి బయట పెట్టుకుంటాడట.

ఇవి నడుం డిస్కు చెప్పే మాటలు కావు, తుంటి చెప్పే మాటలు. డిస్కు నొప్పి సాధారణంగా పిరుదు నుంచి కాలి వెనకగా దిగుతుంది, పాదం దాకా పోతుంది, తిమ్మిరి ఉంటుంది. తుంటి నొప్పి గజ్జలో పట్టేస్తుంది. పడుకోబెట్టి మోకాలు మడిచి పాదాన్ని బయటికి లాగితే తొడ లోపలికి తిరుగుతుంది. తుంటిలో జబ్బున్న మనిషి అక్కడ ఉలిక్కిపడతాడు. ఈ పరీక్షకి మిషను అక్కర్లేదు, అర నిమిషం చాలు. ఎనిమిది నెలల్లో ఆ అర నిమిషం అతనికి ఎవరూ ఇవ్వలేదు. ఆ మాట చెప్పడానికి నాకు కష్టంగానే ఉంది, మా వృత్తి గురించే కాబట్టి.

రెండు తుంటులకీ ఎమ్మారై తీయించాను. కుడివైపు బంతి పైభాగం అప్పటికే కుంగిపోయింది. నొప్పే లేని ఎడమవైపు కూడా జబ్బు మొదలైంది. ఇది గుర్తుపెట్టుకోండి, ఏవీఎన్ వచ్చినవాళ్ళలో సగం మందికి పైగా రెండో వైపు కూడా వస్తుంది. ఇంకోటి, మొదటి దశలో ఎక్స్‌రేలో ఏమీ కనబడదు. ఎక్స్‌రే బాగుంది కాబట్టి తుంటి బాగుంది అనుకోకూడదు. గజ్జలో నొప్పి వారాల తరబడి ఉంటే ఎమ్మారై అడగాలి. అతని ఎడమ తుంటికి కోర్ డీకంప్రెషన్ చేశాం, అంటే ఎముకలోకి సన్నటి రంధ్రం వేసి లోపలి ఒత్తిడి తగ్గించి, కొత్త రక్తనాళాలకి దారి ఇవ్వడం. బంతి కుంగకముందు చేస్తేనే దానికి ఫలితం, అప్పుడు కూడా అందరికీ కాదు. కుడివైపు మాత్రం మార్చాల్సి వచ్చింది. 31 ఏళ్ళకి. ఎనిమిది నెలల ముందు వస్తే అది కూడా నిలబడేదని నేను ఖాయంగా చెప్పలేను. కానీ ప్రయత్నించడానికి ఒక అవకాశం ఉండేది.

ఎందుకొచ్చింది అంటే, అతనికి కారణం దొరికింది. అంతకు రెండేళ్ళ ముందు ఒళ్ళునొప్పులకి ఊళ్ళో ఎవరో పొట్లం మాత్రలు ఇచ్చారు, అద్భుతంగా పనిచేశాయని నెలల తరబడి తెప్పించుకుని వాడాడు. పొట్లం మాత్రలంటే మీకు తెలుసు. నాలుగు రంగుల మాత్రలు కాగితంలో చుట్టి ఇస్తారు, పేరుండదు, స్ట్రిప్పుండదు. వేసుకున్న గంటకి నొప్పి మాయం, ఆకలి పెరుగుతుంది, మొహం నిండుగా అవుతుంది. ఇలాంటి వాటిలో చాలాసార్లు డెక్సామెథాసోన్ లాంటి స్టెరాయిడ్ ఉంటుంది. మూలికల పొడి అని అమ్మేవాటిలో కూడా కలిపినవి దొరుకుతున్నాయి. దయచేసి, పేరు లేని మందు ఒంట్లోకి పోనివ్వకండి.

అయితే ఇంకో వైపు కూడా చెప్పాలి. ఆస్తమా, లూపస్, కిడ్నీ జబ్బు, కోవిడ్ తీవ్రంగా వచ్చినప్పుడు, ఇలా ఎన్నో చోట్ల స్టెరాయిడ్లే ప్రాణం కాపాడాయి. డాక్టరు లెక్కకట్టి ఇచ్చిన స్టెరాయిడ్ నా మాట విని ఇవాళ రాత్రికి మానేశారంటే ప్రమాదం. సడన్‌గా ఆపకూడదు, ఇచ్చినవాళ్ళని అడిగే తగ్గించుకోవాలి. కానీ వాడినవాళ్ళకి తరవాత గజ్జలో నొప్పి వస్తే, ఆ వాడకం సంగతి మొదటి మాటగా చెప్పండి. రోజూ మద్యం తాగేవాళ్ళకీ ఇదే మాట. సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు ఉన్నవాళ్ళకీ ఇదే మాట, మన ఏజెన్సీ ప్రాంతాల్లో ఆ జబ్బు ఉంది. ఏ కారణమూ దొరకనివాళ్ళు కూడా ఉంటారు.

ఇక గండి పడటం.

పడమటి మాంబళంలో ఒక ఇంటికి వెళ్ళాను. 78 ఏళ్ళ పెద్దావిడ రాత్రి బాత్రూమ్‌కి లేచి గడప దగ్గర పడింది. తొమ్మిది రోజులైంది. మంచం మీద ఉంది, నడుం పట్టేసిందని నూనె రాస్తున్నారు. తల దగ్గర భర్త కూర్చుని విసనకర్రతో విసురుతున్నాడు. నేను ముందు దుప్పటి తీసి పాదాలు చూశాను. ఎడమ పాదం పైకప్పు వైపు చూస్తోంది. కుడి పాదం పూర్తిగా పక్కకి వాలి గోడ వైపు చూస్తోంది. రెండు కాళ్ళ మెట్టెలు ఒక వరుసలో ఉండాలి కదా, కుడికాలి మెట్టె రెండు వేళ్ళ మందం పైకి ఉంది. కాలు పొట్టిగా అయింది. ఇక ఎక్స్‌రే తీసేదాకా అనుమానం ఏముంది? నడుం కింద చెయ్యి పెడితే తడిగా తగిలింది. పుండు అప్పటికే పడింది.

ఇంట్లో వాళ్ళు ప్రేమ లేనివాళ్ళు కాదు. రోజూ స్పాంజితో తుడుస్తున్నారు, స్పూనుతో తినిపిస్తున్నారు. ఈ వయసులో కోత ఎందుకు సార్, ప్రశాంతంగా ఉండనిద్దాం అన్నాడు కొడుకు. నేను ఎన్ని ఇళ్ళల్లో విన్నానో ఈ మాట. అది ప్రేమతో అనే మాటే, కానీ విరిగిన తుంటితో మంచం మీద ప్రశాంతత ఉండదు. పక్కకి తిప్పిన ప్రతిసారీ విరిగిన ముక్కలు రాసుకుంటాయి. కదలకపోతే పుండ్లు, ఊపిరితిత్తుల్లో నిమ్ము, కాలి నాళాల్లో రక్తం గడ్డకట్టి గుండె మీదుగా ఊపిరితిత్తులకి వెళ్ళడం. ఆ వయసులో ఆపరేషన్‌కి రిస్కు ఉంది, ఉన్నమాటే. మంచానికి అంతకంటే ఎక్కువ ఉంది. తుంటి విరిగిన పెద్దవాళ్ళలో, అన్ని వైద్యాలూ అందినా, ఏడాది తిరిగేసరికి నూటికి 20 మందో, అంతకు పైనో పోతారు. అలాంటి దెబ్బకి మనం ఆలస్యాన్ని కూడా జోడిస్తున్నాం.

బ్రిటన్‌లో పద్ధతి ఏమిటంటే, చేర్చిన రోజే గానీ మర్నాడు గానీ ఆపరేషన్ అయిపోవాలి. 2020లో ఒక పెద్ద పరిశోధన అచ్చయింది. 17 దేశాల్లో దాదాపు 3,000 మంది, మన దేశం వాళ్ళు కూడా ఉన్నారు. గుర్తించిన 6 గంటల్లో చేసినవాళ్ళనీ, 24 గంటలకి చేసినవాళ్ళనీ పోల్చారు. చావుల సంఖ్యలో తేడా రాలేదు. కానీ తొందరగా చేసినవాళ్ళు తొందరగా లేచి నిలబడ్డారు, మతి తప్పడం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ తక్కువ, ఇంటికి ముందే వెళ్ళారు. వాళ్ళు గంటల మీద వాదించుకుంటుంటే మనం తొమ్మిదో రోజున డాక్టర్ని పిలుస్తున్నాం.

కట్టు గురించి అడుగుతారని తెలుసు. ఈ ఊళ్ళో ఏ వీధికెళ్ళినా పుత్తూరు కట్టు బోర్డు కనబడుతుంది. నాకు ఆ విద్య మీద చులకన లేదు. ముంజేయి లాంటి చోట్ల, ఎముక పక్కకి తొలగకపోతే, కదలకుండా పట్టి ఉంచితే అతుక్కుంటుంది. కానీ తుంటి మెడ ఎక్కడుందో ఇందాక మీరే చూశారు. అంత లోతున ఉన్నదాన్ని పైనుంచి కట్టే ఏ కట్టూ పట్టి ఉంచలేదు, వెదురుబద్దలు కానీ పిండికట్టు కానీ. అది కట్టేవాడి నేర్పుకి సంబంధించిన సంగతి కాదు.

మెడ విరిగి ముక్క పక్కకి జరిగితే, రక్తం తెగింది కాబట్టి పెద్దవాళ్ళకి ఆ బంతి తీసేసి లోహపు బంతి పెడతాం. మెడకి కాస్త కింద విరిగితే అక్కడ రక్తం బాగానే ఉంటుంది, రాడ్డు వేసి బిగిస్తాం. ఎలాగైనా ఉద్దేశం ఒకటే, మర్నాడు వాకర్ పట్టుకుని మంచం దిగాలి. ఆ పెద్దావిడకి పుండు వల్ల ఇంకో నాలుగు రోజులు ఆగాల్సి వచ్చింది. చేశాం. మూడో నెలకి వాకర్‌తో వంటింటి దాకా వెళ్ళేది. అంతకుముందు ఒక్కతే గుడికి వెళ్ళొచ్చేది, అది మళ్ళీ రాలేదు.

ఒకసారి అలా విరిగిందంటే ఎముకలు గుల్లబారాయన్నమాట. ఆపరేషన్‌తో పని అయిపోలేదు. రెండో తుంటి కూడా అదే వయసుది. డెక్సా స్కాన్ అని ఎముక గట్టితనం కొలిచే పరీక్ష తీయిస్తారు, అందులో వచ్చే టి-స్కోరు -2.5 గానీ అంతకంటే కింద గానీ ఉంటే ఆస్టియోపొరోసిస్ అంటారు. తుంటి విరిగినవాళ్ళకి స్కాన్ లేకపోయినా మందు మొదలుపెట్టవచ్చు. వారానికో మాత్ర ఉంది, పరగడుపున నిండుగ్లాసు నీళ్ళతో వేసుకుని అరగంట పడుకోకుండా ఉండాలి, లేకపోతే అన్నవాహికలో పుండు పడవచ్చు. ఏడాదికి ఒక్కసారి సెలైన్‌లో ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ ఉంది. తుంటి విరిగినవాళ్ళకి అది ఇస్తే మళ్ళీ విరగడమే కాదు, చావులు కూడా తగ్గాయని 2007లోనే తేలింది. అయినా నా దగ్గరికి రెండో తుంటి విరిగి వచ్చేవాళ్ళలో ఈ మందు వేసుకున్నవాళ్ళు చాలా అరుదు. దీని మీద నాకు నిజంగా కోపం వస్తుంది.

కనిగిరి, పొదిలి వైపు నుంచి వచ్చే పెద్దవాళ్ళ సంగతి కొంచెం వేరు. అక్కడి బావి నీళ్ళలో ఫ్లోరైడ్. మన దేశంలో ఫ్లోరోసిస్‌ని మొదటిసారి శాస్త్రీయంగా రాసింది 1937లో, మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్ని చూసే. వాళ్ళ ఎముక ఎక్స్‌రేలో తెల్లగా, గట్టిగా కనబడుతుంది, కానీ పెళుసు. వెన్ను, తుంటి బిగుసుకుపోయి ఉంటాయి. ఆ ఊళ్ళ వాళ్ళు మీ ఊరి పేరు, తాగిన నీళ్ళ సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పండి.

చంటిపిల్లల గురించి ఒక్క మాట. కొందరు పిల్లలకి పుట్టుకతోనే గిన్నె లోతు తక్కువగా ఉంటుంది, బంతి జారుతుంది. ఆడపిల్లల్లో, మొదటి కాన్పులో, ఎదురుకాళ్ళతో ఉన్న బిడ్డల్లో ఎక్కువ. కాళ్ళు రెండూ నిటారుగా చాపి గట్టిగా గుడ్డ చుట్టడం దీనికి చెడ్డది. మన అమ్మమ్మలు కాళ్ళు ఎడంగా పెట్టి చంకనెత్తుకునేవాళ్ళే, అది చాలా మంచిది, బంతి గిన్నెలో కుదురుగా కూర్చుంటుంది. గుడ్డ చుట్టినా కాళ్ళు కప్పలా మడుచుకునే వీలుండాలి. ఎదురుకాళ్ళ బిడ్డయితే ఆరు వారాలప్పుడు తుంటికి అల్ట్రాసౌండ్ అడగండి. ఆరు నెలల లోపు తెలిస్తే చాలామందికి పట్టీలు కట్టి సరిచేయవచ్చు, కోత అక్కర్లేదు. నడక వచ్చాక తెలిస్తే పెద్ద ఆపరేషన్లు.

తుంటి మార్పిడి గురించి టెన్షన్ పడేవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారని నిర్వాహకులు చెప్పారు. ఇవాళ మనం చేసే ఆపరేషన్‌కి దారి వేసింది జాన్ చార్న్‌లీ అనే ఇంగ్లండు సర్జను, రైటింగ్టన్ ఆసుపత్రిలో. ఆయన మొదట గిన్నెకి టెఫ్లాన్ వాడాడు. ఆపరేషన్ అయినవాళ్ళు హాయిగా నడిచారు. రెండు మూడేళ్ళకే టెఫ్లాన్ అరిగిపోయి, ఆ పొడి చుట్టుపక్కల ఎముకని తినేసింది. ఆయన తప్పుకోలేదు, వాళ్ళందరినీ వెనక్కి పిలిచి సరిచేశాడు. ఆ పొడి ఒంట్లో ఏం చేస్తుందో తేల్చుకోవడానికి తన తొడలోకే ఎక్కించుకుని చూశాడు. 1962లో గట్టి పాలిథీన్ గిన్నెకి మారాడు, అది నిలబడింది. ఆపరేషన్ థియేటర్ గాలిని వడకట్టి శుభ్రంగా ఉంచడం మీద కూడా ఎంతో పనిచేశాడు. నేను పొరబడిన ఆ 13 ఏళ్ళ పిల్లాడు గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఆయన గుర్తొస్తాడు.

ఎన్నేళ్ళు వస్తుందని అందరూ అడుగుతారు. 2019లో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం నూటికి 58 తుంటులు 25 ఏళ్ళు నిలిచాయి. అవి పాతకాలపు రకాలు. ఇప్పటి పాలిథీన్, సెరామిక్ అంతకంటే తక్కువ అరుగుతున్నాయి. 65 ఏళ్ళ మనిషికి ఒకటి జీవితాంతం సరిపోవచ్చు. 31 ఏళ్ళ కుర్రాడికి మళ్ళీ ఇంకోటి అవసరమయ్యే అవకాశం ఉంది, అది ముందే చెప్పాలి.

ఒక చిన్న పని మాత్రం చేయండి. ఇంప్లాంట్ డబ్బా మీద స్టిక్కర్లు ఉంటాయి, కంపెనీ పేరు, సైజు, లాట్ నంబరు. అవి కేసు షీటులో అంటిస్తారు. మీకు కూడా ఒక సెట్టు అడిగి తీసుకుని ఇంటి దస్తావేజులతో పాటు దాచుకోండి. 2010లో లోహం మీద లోహం రాసుకునే ఒక రకం తుంటిని ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నారు. మన దేశంలో అది వేయించుకున్నవాళ్ళు వేలల్లో ఉన్నారు, చాలామంది ఆచూకీ దొరకలేదు. తమ ఒంట్లో ఏముందో వాళ్ళ దగ్గర కాగితం ఉంటే ఆ వెతుకులాట ఉండేది కాదు.

మార్పిడి అయ్యాక పల్లపు పీట, కింద కూర్చోవడం, ఇండియన్ టాయిలెట్, కాలు మీద కాలు, ఇవి మొదటి కొన్ని నెలలు వద్దంటాం. బంతి జారే ప్రమాదం అప్పుడే ఎక్కువ. ఒకాయన చేతులు పట్టుకున్నారు, "మూడు నెలల్లో అమ్మాయి పెళ్ళి డాక్టరుగారూ, పీటల మీద కూర్చుని కన్యాదానం చేయాలి" అని. మోకాలి కంటే ఎత్తున్న స్టూలు వేసి దాని మీద పట్టుబట్ట పరిచి కూర్చోమన్నాను. పురోహితుడుగారు పళ్ళెం కూడా ఎత్తు మీద పెట్టించి కాళ్ళు కడిగించారట. ఫోటో పంపారు. దాని కోసం ఆపరేషన్ వాయిదా వేసుకుని ఏడాది నొప్పి పడక్కర్లేదు.

ఇప్పుడు మీరు అడగండి.

ప్రశ్న: డాక్టరుగారూ, నాకు కుడి తుంటి అరిగిందన్నారు. కర్ర పట్టుకోమన్నారు. కుడిచేత్తో పట్టుకుంటే భుజం నొప్పి పుడుతోంది.

ఎడమచేత్తో పట్టుకోండి అమ్మా. చాలామంది నొప్పి ఉన్నవైపే పట్టుకుంటారు. నొప్పికి ఎదురు చేతిలో ఉంటేనే తుంటి మీద భారం బాగా తగ్గుతుంది. కుడికాలూ ఎడమచేతి కర్రా కలిసి ముందుకి వెళ్ళాలి. ఇప్పుడే ఒకసారి నడిచి చూపించండి. ఆఁ, అలాగే. కర్ర పొడుగెక్కువైంది, మణికట్టు ఎత్తుకి కోయించండి.

ప్రశ్న: నూనె మర్దన, అరిగిన గుజ్జు పెరిగే మాత్రలు పనిచేస్తాయా?

నూనె మర్దన కండలకి హాయి, చేయించుకోండి, విరిగిన అనుమానం ఉంటే మాత్రం వద్దు. అరిగిన పూతని తిరిగి పెంచే మాత్ర ఇప్పటిదాకా లేదు. ఆ డబ్బుతో బాత్రూమ్‌లో రెండు పట్టుకునే కడ్డీలు, మంచం నుంచి బాత్రూమ్ దాకా రాత్రి వెలిగే చిన్న బల్బు పెట్టించండి. శుక్లాలుంటే తీయించండి.

ప్రశ్న: సార్, మా అత్తగారు గూడూరులో ఉంటారు. నిన్న పొద్దున పెరట్లో జారి పడ్డారు. లేవలేకపోతున్నారు. వాపేమీ లేదు, బెణికిందేమో, రెండ్రోజులు చూద్దామని మామగారు అంటున్నారు.

ఎన్నేళ్ళమ్మా ఆవిడకి? 74. కాలు తనంతట తాను ఎత్తగలుగుతున్నారా? లేదు. పాదం ఎటు తిరిగి ఉంది, ఎవరైనా చూశారా? తెలియదా. సరే, ఇప్పుడే ఫోన్ చేసి మామగారిని చూడమనండి. రెండు పాదాలూ పక్కపక్కన పెట్టి చూడమనండి, ఒకటి బయటికి వాలిందా, పొట్టిగా ఉందా అని. వాలినా వాలకపోయినా, లేవలేకపోతే ఇవాళే ఎక్స్‌రే. నిలబెట్టి చూడవద్దు, నడిపించవద్దు. 108 పిలవమనండి, కాళ్ళ మధ్య దిండు పెట్టి పడుకోబెట్టే తీసుకెళ్ళాలి. షుగరు, బీపీ, రక్తం పలచబరిచే మందులు ఏం వేసుకుంటున్నారో ఆ చీటీలు వెంట ఉండాలి. చెన్నై దాకా తీసుకురావద్దు, నెల్లూరూ దగ్గరే, తిరుపతీ దగ్గరే, రెండు చోట్లా ఈ ఆపరేషన్ చేస్తారు. అక్కడి డాక్టరుతో నేను మాట్లాడాల్సి వస్తే మాట్లాడతాను, నా నంబరు తీసుకోండి. మీరు కూర్చోకండి, బయటికెళ్ళి ఫోన్ చేయండి. మిగతా ప్రశ్నలు మీరొచ్చాక చూద్దాం.